ఎడమవైపు డిష్షు

మాల్యాద్రికి ఆ వారమంతా అన్నం సయించలేదు. శుక్రవారం నాడు బయటినుంచి వచ్చే పెద్దల ముందు నిలబడి, తన గురువు మాట తప్పు అని చెప్పాలి. చెప్పకపోతే తన పని అబద్ధమవుతుంది. చెబితే ఆ తర్వాత ఆవిడ ముఖం ఎలా చూడాలి? ఈ రెండింటి మధ్య నలిగి నలిగి మనిషి సగమయ్యాడు.

గురువంటే కాషాయం కట్టి గడ్డం పెంచినాయన కాదు. రంగనాయకి మేడమ్. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఊరి చివర గుట్టల పక్కనున్న పరిశోధన సంస్థలో నాడీకణాల లాబు ఆవిడది. రిటైర్మెంటు దగ్గరపడింది. ఉద్యోగమంతా ఒక్క ఎంజైమ్ వెంట తిరిగారు.

ఆ ఎంజైమ్ మన మెదడులోనే పుడుతుంది. నాడీకణం పెరగడమంటే ఒళ్లు చేయడం కాదు. దారంలాంటి చెయ్యి ఒకటి చాపుతుంది. ఆ చెయ్యి తడుముకుంటూ తడుముకుంటూ పోయి ఇంకో కణాన్ని అందుకోవాలి. అందుకుంటేనే మనకు మాటా, నడకా, జ్ఞాపకమూ. దారిలో అంతా జిగురే. ఈ ఎంజైమ్ ఆ జిగురును కాస్త కాస్త కత్తిరించి దారి చేస్తుందని, అందుకే చెయ్యి ముందుకు సాగుతుందని మేడమ్ మాట. ఎప్పుడో వయసులో ఉండగా అన్నారు. ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్నారు, నవ్వినవాళ్లు నవ్వారు. బతికున్న కణాల మీద దాన్ని తేల్చే పని మాల్యాద్రికి అప్పగించారు.

"నా మాట నిలబెట్టమని ఇవ్వట్లేదురా. ఏమవుతుందో చూడమని ఇస్తున్నా" అన్నారు ఆరోజు.

అనడం ఆవిడకు తేలికే. కందుకూరు దగ్గర పల్లెటూరినుంచి వచ్చి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే చెమటలు పట్టే రోజుల్లో, మిగతా లాబులవాళ్లంతా తర్వాత చూద్దామంటే "రా నాయనా, నా దగ్గర కూర్చో" అన్నది ఆవిడొక్కతే. అలాంటి మనిషి మాట నిలబడాలని కోరుకోకుండా ఎలా ఉంటాడు? కోరుకున్నాడు. మనసారా కోరుకున్నాడు.

పని చూస్తే చిన్నదే. అరచేతిలో పట్టే మూత డిష్షులు రెండు, జోడుగా. రెండింట్లోనూ అవే కణాలు, అదే ఎర్రటి పోషక ద్రవం. ఎడమవైపు దాంట్లో మాత్రం ఎంజైమ్ కాస్త కలుపుతారు. కుడివైపు దాంట్లో కలపరు. రెండింటినీ ఇంక్యుబేటర్లో పెడతారు. ఆ పెట్టెలో మన ఒంటి వేడి, ఒంటి చెమ్మా ఉంటాయి. తలుపేసి కొన్నాళ్లు వదిలేసి, తర్వాత తీసి ఫోటోలు పట్టి, ఎవరి చెయ్యి ఎంత సాగిందో కొలుస్తారు.

ఆ లాబులో చేరినవాళ్లకు మేడమ్ మొదట నేర్పేది మైక్రోస్కోపు కాదు. "జోడు విడదీయొద్దు" అంటారు. ఒక డిష్షు బయటికొస్తే రెండోదీ రావాలి, రెండూ ఒకేచోట కూర్చోవాలి, కలిసే లోపలికి వెళ్లాలి. కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అని పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్లు. కిందటేడు చేరిన నస్రీన్‌కు ఈ మాట నేర్పింది మాల్యాద్రే.

మరి మనవాడు ఏం చేశాడు?

మొదటి విడత డిష్షులు లోపల పెట్టి తలుపేశాడు. సీట్లో కూర్చుంటే మనసు ఊరుకోలేదు. ఎడమవైపు దాంట్లో చేతులు సాగుతున్నాయో లేదో! లేచి వెళ్లి, ఒక్కసారి చూసి పెట్టేద్దామని దాన్ని తీశాడు. కుడివైపుది ఎందుకు, అందులో చూడ్డానికేముంది? అదెలాగూ పెరిగేదే. ఎడమదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు చూశాడు. ఏదో సాగినట్టే ఉంది. హమ్మయ్య అనుకుని పెట్టేశాడు. మధ్యాహ్నానికి మళ్లీ గుబులు. మళ్లీ తీశాడు.

చివర్న ఫోటోలు తీసి కొలిస్తే, కుడివైపు కణాలు చేతులు చక్కగా చాపాయి. ఎడమవైపువి కాస్త పొట్టి.

ఎంజైమ్ సాయం చేయాలి కదా, ఇదేమిటి? మళ్లీ పెట్టాడు. ఈసారి భయం ఎక్కువైంది కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉన్నాడు. పొద్దున రాగానే బ్యాగు కూడా దించకుండా తలుపు తెరిచేవాడు. టీ తాగి వచ్చి తెరిచేవాడు. ఎడమ డిష్షులో ద్రవం రంగు ఎరుపునుంచి గులాబీకి, గులాబీనుంచి ఊదాకు తిరుగుతుంటే, ఇది ఎంజైమ్ పనే కాబోలనుకున్నాడు. "దేవుడా, పెరగనీ, మా మేడమ్ మాట పోనీయకు" అని మైక్రోస్కోపు మీద వంగి మొక్కుకున్నాడు కూడా.

"ఇంకా దాన్నే చూస్తున్నావా అన్నా? అదేమన్నా కోడిపిల్లా, బొబ్బొబ్బో అంటే రావడానికి?" అని నస్రీన్ వేళాకోళం చేసింది.

"నీ పని నువ్వు చూసుకో తల్లీ" అన్నాడు మాల్యాద్రి. అతనికి నవ్వు రాలేదు.

రెండో విడతలో తేడా పెరిగింది. ఆ తర్వాత విడతలో ఇంకా పెరిగింది. ఎడమవైపు కణాలు చేతులు ముడుచుకుని, ఎవరో కొడతారన్నట్టు కూర్చున్నాయి. ఇక అనుమానం లేదు. ఎంజైమ్ చేతిని సాగనివ్వదు, ఆపుతుంది. మేడమ్ అన్నదానికి సరిగ్గా తలకిందులు.

ఇక్కడ ఇంకో మాట దాచకుండా చెప్పాలి. బాధ బాధే. కానీ ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తుంటే మాల్యాద్రి మనసులో వేరే ఊహ మెదిలింది. ఇన్నేళ్లుగా ఎవరూ కనిపెట్టలేనిది తను కనిపెట్టాడు! పెద్దావిడ మాటను తిరగరాసిన కుర్రాడని నలుగురూ అంటారు! ఆ ఊహకు ఒళ్లు పులకరించింది. వెంటనే సిగ్గేసింది. అమ్మకు ఫోన్ చేసి ఏదో మాట్లాడి పెట్టేశాడు. సిగ్గు పోలేదు, పులకరింతా పూర్తిగా పోలేదు.

బుధవారం ఇక ఆగలేక మేడమ్ గదికి వెళ్లాడు. నస్రీన్‌ను తోడు తీసుకెళ్లాడు.

ఫోటోలు ఒక్కొక్కటే చూపించాడు. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని, ముందుకు వంగి, కుడివైపుది చూశారు, ఎడమవైపుది చూశారు. మొదటి విడత, రెండోది, చివరిది. మాల్యాద్రి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పోనుపోను తేడా ఎక్కువవుతోందే" అన్నారు మేడమ్.

"అవును మేడమ్. అందుకే నమ్మకం కుదిరింది."

"ఎట్లా పెంచావ్?"

"మీరు నేర్పినట్టే మేడమ్."

ఆవిడ తలెత్తి అతని ముఖంలోకి చూశారు. కళ్ల కింద నల్లటి చారలు, దవడ ఎముకలు. అట్లా ఎంతసేపు చూశారో, మాల్యాద్రికి నేల ఎక్కడుందో తెలియలేదు. తిట్టినా బాగుండేది. ఏడ్చినా తట్టుకునేవాడేమో.

"బాగా చిక్కిపోయావురా" అన్నారు చివరికి. "రేపు ఇద్దరూ నా గదిలో భోంచేయండి. క్యారియర్ తెస్తా. దోసకాయ పప్పు."

"మేడమ్, ఎల్లుండి మీటింగు... ఈ ఫోటోల సంగతి..."

"రేపు భోజనానికి రండి" అని కళ్లద్దాలు తీసేశారు.

బయటికి రాగానే నస్రీన్ ఊపిరి వదిలింది. "కోపం రాలేదన్నా. ఎంత పెద్ద మనసో చూడు!"

మాల్యాద్రికి అలా అనిపించలేదు. మాట దాటేశారనిపించింది. ఎంత గొప్పవాళ్లయినా సొంత మాట దగ్గరికి వచ్చేసరికి ఇంతేనా? రేపు అన్నం పెట్టి, తల నిమిరి, ఈ ఫోటోలు పక్కన పెట్టమంటారా? అంటే తను ఏమనాలి? అప్పటిదాకా భయంగా ఉన్నవాడికి భయం మీద కోపం కూడా వచ్చి కూర్చుంది. లాబులోకి వెళ్లి, అలవాటు కొద్దీ ఇంక్యుబేటర్ తలుపు తెరిచి, కొత్తగా పెట్టిన జోడులోంచి ఎడమ డిష్షు తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి, పాత పేపరు పరిచి, క్యారియర్ గిన్నెలు విప్పారు. పొగలు కక్కుతున్న అన్నం, నెయ్యి, ఆవకాయ, దోసకాయ పప్పు. ఇద్దరికీ రెండు కంచాలు పెట్టారు. మాల్యాద్రిని ఎడమవైపు కూర్చోమన్నారు, నస్రీన్‌ను కుడివైపు.

ఇద్దరికీ అన్నం సమంగా పెట్టారు. నెయ్యి సమంగా వేశారు. ఆవకాయ ఇద్దరికీ వేశారు. పప్పు మాత్రం మాల్యాద్రి కంచంలోనే రెండు గరిటెలు వేసి మూత పెట్టేశారు.

"నాకు లేదా మేడమ్?" నస్రీన్ ముఖం చిన్నబోయింది.

"నీకు తర్వాత పెడతా. ముందు ఆవకాయన్నం తినమ్మా."

మాల్యాద్రికి ఆకలి లేదు గానీ, ఆ పప్పు వాసన, ఆ నెయ్యి వాసన తగిలేసరికి ఇన్నాళ్లకు నోరూరింది. కలిపి మొదటి ముద్ద ఎత్తాడు.

"ఒరే మాల్యాద్రీ, కంచం తీసుకుని ఇట్లా కిటికీ దగ్గరికి రా."

ముద్ద కంచంలో వదిలి లేచాడు. కిటికీ దగ్గర మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని కంచంలోకి వంగి చూశారు. ఒక పక్కకు వంచి చూశారు. ఏసీ గాలి నేరుగా అన్నం మీద పడుతోంది. మాల్యాద్రి ఏమీ అర్థంకాక ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఊఁ, వెళ్లి తిను" అన్నారు.

కూర్చున్నాడు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకున్నాడో లేదో మళ్లీ పిలుపు.

"ఏదీ, ఓసారి తీసుకురా. ఎంతవరకు వచ్చిందో చూస్తా."

మళ్లీ వెళ్లాడు. మళ్లీ చూశారు, ఈసారి ఇంకా ఎక్కువసేపు. పంపించారు. కూర్చుని చెయ్యి పెట్టగానే మళ్లీ పిలిచారు. పప్పు చల్లారి పైన తొరక కట్టింది. నెయ్యి పేరుకుంది. ఇదేం పరాచికం? రేపు పొద్దున ఈ మనిషి ఎదురుగా నిలబడి నోరు విప్పాల్సి వస్తుందని తను చచ్చిపోతుంటే, పిలిచి కూర్చోబెట్టి అన్నం దగ్గర ఆటలా? కొన్ని మెతుకులు కిందపడ్డాయి. అటు పక్క నస్రీన్ తలొంచుకుని గబగబా తినేసి, కంచం తుడిచినట్టు చేసి, బిక్కుబిక్కుమంటూ ఇద్దర్నీ చూస్తోంది. పిలుపు రాకముందే మాల్యాద్రి ఒళ్లు లేవడానికి సిద్ధమైపోతోంది. ఇక ముద్ద కలపడమే మానేశాడు.

మేడమ్ వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. కుడివైపు కంచం చూశారు. ఎడమవైపు కంచం చూశారు.

"పప్పు వేయని పిల్ల కంచం ఖాళీ చేసింది. పప్పు వేసినవాడు నాలుగు మెతుకులు కూడా తినలేదు. మా ఇంటి దోసకాయ పప్పు ఆకలి చంపేస్తుందన్నమాట. రాసుకోనా?"

మాల్యాద్రికి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్నది గురువన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"పప్పు ఏం చేసింది మేడమ్? మీరు తిననిస్తేగా! ఊరికే లేపుతుంటే, చల్లగాలిలో నిలబెట్టి చూస్తుంటే, ఎవడు మాత్రం..."

అక్కడ ఆగిపోయాడు.

పొద్దున బ్యాగు దించకుండా తెరిచిన తలుపు గుర్తొచ్చింది. మైక్రోస్కోపు మీద వంగి మొక్కుకోవడం గుర్తొచ్చింది. మాటిమాటికీ బయటి గాలి తగిలి ఊదారంగుకు తిరిగిన ద్రవం గుర్తొచ్చింది. నిన్న కోపంలో కూడా ఎడమదాన్నే తీశాడు. కుడివైపు డిష్షులను ఎప్పుడైనా తీశాడా? గుర్తు చేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తురాలేదు. అవి పాపం తలుపు వెనక వెచ్చగా, ఎవరి కంటా పడకుండా, వాటి పని అవి చేసుకున్నాయి.

"అన్నా..." అంది నస్రీన్ మెల్లగా. ఆ పిల్లకు కూడా వెలిగినట్టుంది. జోడు విడదీయొద్దని తనకు చెప్పిన మనిషి అతనే మరి.

మాల్యాద్రి తల దించుకున్నాడు. కంచంలో ఎండిపోతున్న మెతుకుల మీద కన్నీటి బొట్టు పడింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"పెరగాలనే చూశాను మేడమ్" అన్నాడు. "మీ మాట నిజం కావాలని. ఒట్టు. అందుకే ఊరికే ఊరికే..."

"తెలుసురా" అన్నారు మేడమ్. ఆవిడ గొంతూ కొంచెం మారింది. "నా గదికి వచ్చే దారి ఆ ఇంక్యుబేటర్ ముందు నుంచే. ఎప్పుడు వచ్చినా నీ వీపే కనపడేది."

కారిడార్లో ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్లారు.

"రేపు ఏం చెప్తావ్?" అని అడిగారు.

మాల్యాద్రి చాలాసేపు కంచం వంకే చూశాడు. ఇన్ని నెలల పని. ఇదివరకే ఒకసారి గడువు పొడిగించిన పెద్దలు. మళ్లీ పొడిగిస్తారో, ఇక చాల్లే ఇంటికి పొమ్మంటారో తెలియదు.

"నా దగ్గర చూపించడానికి ఏమీ లేదని చెప్తాను మేడమ్. ఎందుకు లేదో కూడా చెప్తాను."

"అంతేనా? మా మేడమ్ మాటే నిజమని చెప్పవా?"

అడిగి, చెయ్యి బల్ల మీద ఆనించి నిలబడ్డారు. మాల్యాద్రి తలెత్తాడు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఆ ఒక్క మాట అనేస్తే ఎంత హాయి! ఇన్నాళ్లుగా గుండె మీదున్న బరువంతా దిగిపోతుంది. అందరూ సంతోషిస్తారు. నస్రీన్ అతని వంక ఆశగా చూసింది.

"అదీ తెలియదు కదా మేడమ్" అన్నాడు.

మేడమ్ అప్పుడు నవ్వారు. నవ్వుతూనే చల్లారిపోయిన కంచం తీసి పక్కన పెట్టి, కడిగిన కంచం ఇంకోటి వేశారు. క్యారియర్లో అడుగునున్న వేడి అన్నం పెట్టారు. నెయ్యి వేశారు. పప్పు వేశారు. నస్రీన్ కంచంలోనూ అన్నం పెట్టి, అన్నే గరిటెల పప్పు వేశారు.

మాల్యాద్రి ముద్ద కలిపి, పిలుపు వస్తుందేమోనని అలవాటుగా ఆగాడు.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీని గోడవైపు తిప్పుకుని, వీళ్లకు వీపు పెట్టి కూర్చున్నారు.

"తిను నాయనా" అన్నారు. "నేను చూడను."